బ్లూవేల్ భయం ఎవరిని కాపాడింది?

2017 ఆగస్టు, సెప్టెంబరుల్లో ఏ న్యూస్ చానల్ పెట్టినా బ్లూవేలే. ఆన్‌లైన్ ఆటట, యాభై రోజులు, యాభై టాస్కులు, చివరి టాస్కు ఆత్మహత్య, ఎక్కడో రష్యాలో కూర్చుని మన పిల్లల్ని ఆడించే అడ్మిన్. ముంబైలో ఒక పద్నాలుగేళ్ల బాలుడి మరణం తర్వాత కథనాలు దేశమంతా పాకాయి. ఏ టీనేజర్ చనిపోయినా ముందు అనుమానం ఫోన్ మీదే. ఆట లింకులు తొలగించమని కేంద్ర ఐటీ శాఖ గూగుల్, ఫేస్‌బుక్, వాట్సాప్‌లకు లేఖ రాసింది. తొలగించడానికి అసలు యాప్ అంటూ ఉంటే కదా!

రష్యాలో ఒక యువకుడికి శిక్ష పడిన మాట నిజమే. కానీ ఇక్కడ? కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ డైరెక్టర్ జనరల్ నేతృత్వంలోని కమిటీ, బ్లూవేల్ అనుమానం ఉన్న కేసుల్లో ఇంటర్నెట్ వాడకం, కాల్ రికార్డులు, సోషల్ మీడియా ఖాతాలు పరిశీలించింది. ఒక్కదాంట్లోనూ బ్లూవేల్ ప్రమేయం తేలలేదని 2018 జనవరిలో ప్రభుత్వమే లోక్‌సభకు చెప్పింది. దీనిమీద ఏ చానలూ రాత్రంతా చర్చ పెట్టినట్టు నాకు గుర్తులేదు.

ఇది కొత్త జబ్బేం కాదు. 1964లో ఇంగ్లండ్‌లోని క్లాక్టన్ తీరంలో కుర్రకారు చేసిన అల్లరిని పత్రికలు ఎంత పెంచి రాశాయో సామాజికవేత్త స్టాన్లీ కోహెన్ తర్వాత విడమర్చి చూపించాడు. అక్కడ కుర్రాళ్లు రౌడీలయ్యారు. మన దగ్గర కీలుబొమ్మలయ్యారు. నాకైతే రెండోదే ఎక్కువ అవమానంగా అనిపిస్తుంది. కీలుబొమ్మను ‘నీకేమైంది నాన్నా’ అని ఎవరడుగుతారు?

పైగా దయ్యం పరాయి దేశానిదైతే ఇంట్లోవాళ్లకూ కాలేజీకీ ఇంటర్ బోర్డుకూ సుఖం. జూనియర్ కాలేజీల్లో ఒత్తిడిపై ఉమ్మడి రాష్ట్రంలో నీరదారెడ్డి కమిటీ వేసింది 2001లో. అప్పటికి మన పిల్లల చేతుల్లో స్మార్ట్‌ఫోనే లేదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో, తెలుగులో 99 మార్కులు రావాల్సిన అమ్మాయికి సున్నా పడింది. ఆ ఫలితాల తర్వాత 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. జాతీయ నేర గణాంకాల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) లెక్కల్లో 2018లో దేశవ్యాప్తంగా ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 10,159 మంది. ఒక్కో మరణం వెనక ఒక్కటే కారణం ఉండదు, నిజమే. అయినా మన ఇంటర్ హాస్టళ్ల మీద బ్లూవేల్‌కు దక్కినన్ని గంటల చర్చ ఎప్పుడైనా జరిగిందా? జరగదు. ఆ చర్చల మధ్య బ్రేకుల్లో ‘ఒకటి, ఒకటి, ఒకటి’ అంటూ ర్యాంకుల ప్రకటనలిచ్చేది ఆ కాలేజీలే కదా.