సవరణ: ‘డాక్ట్రినా క్రిస్టియానా’ ప్రతి ఉన్న చోటు

విదేశీ గ్రంథాలయాల్లోని ఫిలిప్పీన్స్ పుస్తక సంపద గురించి ఇదివరకు రాసిన టపాలో, 1593లో మనీలాలో అచ్చయిన క్రైస్తవ ప్రార్థనల, బోధనల పుస్తకం ‘డాక్ట్రినా క్రిస్టియానా’ శాన్‌ఫ్రాన్సిస్కో పబ్లిక్ లైబ్రరీలోని ఫిలిపినో అమెరికన్ సెంటర్‌లో ఉందని పేర్కొన్నాను. అది తప్పు, సరిచూసుకోకుండా రాశాను. ఇప్పటికి మిగిలి ఉన్నట్టు తెలిసిన ఒకే ఒక్క ప్రతి వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో, పుస్తక సేకర్త లెసింగ్ రోజెన్‌వాల్డ్ బహూకరించిన సంపుటాల మధ్య ఉందని ఆ గ్రంథాలయ వివరాలే తెలుపుతున్నాయి.

చెక్క దిమ్మెలతో అచ్చొత్తిన ఆ పుటల్లో ప్రార్థన మొదట స్పానిష్‌లోను, తరువాత రోమన్ అక్షరాల్లో ఫిలిప్పీన్స్ భాష అయిన తగలోగ్‌లోను, ఆపైన మన తెలుగు లిపిలాగే బ్రాహ్మీ కుటుంబానికి చెందిన బైబాయిన్ లిపిలోను కనిపిస్తుంది. ఇంత అపురూపమైన పుస్తకం చిరునామా తప్పుగా వ్యాపించకూడదు కనుక, పాత టపాలోని ఆ వాక్యాన్ని మార్చాను.