మృగశిర చేపలు, జూన్ బస్సులు

మృగశిర కార్తె నాడు చేప తినకపోతే ఏడాదంతా ఏదో లోటని మా వరంగల్‌లో గట్టి నమ్మకం. ఆ రోజు కిలో ఎంత చెప్పినా కొంటాం. మర్నాటి నుంచి చేప ఊసే ఎత్తం. స్కూలు బస్సుల భద్రతను కూడా మనం ఇదే నిష్ఠతో పాటిస్తున్నాం. అది వచ్చేదీ ఆ వారంలోనే. మే 15తో బస్సుల ఫిట్‌నెస్ గడువు తీరుతుంది, జూన్ 12న బడులు తెరుస్తారు. ఈ రెండు తేదీల మధ్య ఆర్టీఏ ఆఫీసు దగ్గర పసుపు బస్సుల జాతర. కొత్త పెయింట్ వాసన, తుడిచిన అద్దాలు, నిప్పులార్పే ఎర్ర సిలిండర్లు. ఆ సిలిండర్లలో కొన్ని పొద్దున ఒక బస్సులో, మధ్యాహ్నం ఇంకో బస్సులో కనిపిస్తాయని గిట్టనివాళ్లు అంటారు. నేను నమ్మను.

నియమాలు రాసినవారి ఓపికకు మాత్రం దండం పెట్టాలి. బస్సు మొదటి మెట్టు 325 మిల్లీమీటర్ల ఎత్తు దాటకూడదు. డ్రైవర్‌కు అరవై ఏళ్లు మించకూడదు, బస్సుకు పదిహేనేళ్లు మించకూడదు. డ్రైవర్‌కు మూడు నెలలకోసారి బీపీ, షుగర్, కంటి పరీక్షలు చేయించాలి. ఏ పిల్ల ఎక్కడ ఎక్కుతుందో, ఎక్కడ దిగుతుందో రాసిన కాగితం బస్సులో ఉండాలి. వీటన్నిటినీ ప్రతినెలా చూడాల్సింది పేరెంట్స్ కమిటీ.

అంటే నేను. ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. పోయినేడు పేరెంట్స్ మీటింగ్‌లో సమోసా ప్లేటుతో పాటు ఒక రిజిస్టర్ చేతికిచ్చారు. సమోసా కోసం పెట్టిన సంతకమే అనుకున్నాను.

పదవి వచ్చాక ఊరుకోలేం కదా. మా ఆవిడ కుట్టుమిషన్ టేపు తీసుకుని మా సందు చివర బస్సు కోసం నిలబడ్డాను. 325 మిల్లీమీటర్లంటే పదమూడు అంగుళాలకు కొంచెం తక్కువ. కొలిస్తే పద్దెనిమిది వచ్చింది. డ్రైవర్ కిందికి వంగి, టేపును, నేలను మార్చి మార్చి చూశాడు.

"మెట్టు ఎత్తుగ లేదు సారూ, మన రోడ్డే కిందికి పోయింది."

న్యాయమైన మాటే. మునిసిపాలిటీ తప్పును బస్సు మీద రుద్దడం నాకూ నచ్చలేదు. ఫస్ట్ ఎయిడ్ డబ్బా తెరిచాను. లోపల ఒక చిన్న దూది ఉండ, మందు ఎండిపోయిన టించర్ సీసా, అగ్గిపెట్టె, సగం వాడిన అగర్‌బత్తి కట్ట. అగర్‌బత్తి అద్దం ముందున్న అమ్మవారి పటానికి. ఆలోచిస్తే, ఆ బస్సులో రోజూ క్రమం తప్పకుండా పనిచేస్తున్న భద్రతా ఏర్పాటు అదొక్కటే. ఇంతలో ఒకటో తరగతి పిల్ల ఆ పద్దెనిమిది అంగుళాలు ఎక్కలేక రెండు చేతులూ మెట్టు మీద ఆనించి, మోకాలు పెట్టి పాకింది. ఆయమ్మ బ్యాగు పట్టుకుని పైకి గుంజింది.

డబ్బు సంగతికొస్తే, బస్సు ఫీజు ఏటా పెరుగుతుంది. డీజిల్ పెరిగితే పెరుగుతుంది, డీజిల్ తగ్గినా పెరుగుతుంది. అందులో టైర్లకెంత, బ్రేకులకెంత అని అడగడం మర్యాద కాదు, పెళ్లింట్లో వంట ఖర్చు అడిగినట్టు. సర్కారు బడి పిల్లలకు ఈ తంటా లేదు, బస్సే లేదు కనుక. బడి దూరమైతే సమగ్ర శిక్ష పథకం కింద రవాణా భత్యం ఉంది, ఏడాదికి గరిష్ఠంగా 6,000 రూపాయలు. దాంతో వచ్చేది ఆటోలో ఒక సీటు, లేదా డ్రైవర్ పక్కన సగం సీటు. ఆటోకు మెట్టు ఎత్తు నియమం గురించి బెంగ అక్కర్లేదు.

2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని రైల్వే గేటులో స్కూలు బస్సును రైలు ఢీకొట్టింది. అందులో చనిపోయిన పిల్లల గురించి వ్యంగ్యం రాయడానికి నాకు చేయి రాదు. ఒక్క మాట చెప్తాను. దేశంలో బ్రాడ్‌గేజ్ లైన్ల మీద కాపలా లేని గేట్లన్నీ తీసేయడానికి రైల్వేకు 2019 జనవరి దాకా పట్టింది. ఆలస్యమే, కానీ తీసేశారు. మా కమిటీ ఈ మధ్యలో ఒక్కసారైనా కూర్చుందా అని రిజిస్టర్ తిరగేస్తే, ప్రతినెలా కూర్చున్నట్టే ఉంది. అన్ని సంతకాలూ ఒకే నీలం ఇంకుతో, ఒకే వంపుతో.

ఈ జూన్‌లో మళ్లీ పిలిచారు. ఆఫీసు గదిలో ఫ్యాన్ కింద కూర్చోబెట్టి, రిజిస్టర్ తెరిచి, "ఏప్రిల్ దాకా పెట్టేయండి సార్, మిమ్మల్ని మళ్లమళ్ల ఇబ్బంది పెట్టుడు ఎందుకు" అన్నారు. మెట్టు సంగతి ఎత్తాను. "నోట్ చేసుకున్నం సార్" అని తలూపారు, పెన్ను మాత్రం నా చేతిలోనే ఉంది. డిసెంబర్ దాకా వచ్చేసరికి ఇంకు అయిపోయింది. వెంటనే ఇంకో పెన్ను తెచ్చిచ్చారు, సమోసాతో పాటు.