ఏసీవో లెటర్ చూసి అమ్మానాన్నల మెడికేర్ మార్చేయకండి

అమెరికాలోని తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో మళ్లీ అదే మెసేజ్. "మీ పేరెంట్స్ డాక్టర్ ఏసీవోలో చేరారని లెటర్ వచ్చిందా? వాళ్ల మెడికేర్‌ని కంపెనీకి అమ్మేశారు. ఇక వేరే డాక్టర్ దగ్గరికి వెళ్లనివ్వరు. రికార్డులన్నీ లాగేస్తారు. టెస్టు రాయకపోతే డాక్టర్‌కి కమీషన్. జబ్బు ముదిరినవాళ్లను వదిలించుకుంటారు. వెంటనే అడ్వాంటేజ్ ప్లాన్‌కి మార్చేయండి." చదువుకున్నవాళ్లే ఒక్క లైనూ సరిచూడకుండా ఫార్వర్డ్ చేస్తున్నారు.

ఏసీవో అంటే, మెడికేర్ (65 దాటినవాళ్లకు ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా) పేషెంట్ల బాగోగులు కలిసి చూసుకునే డాక్టర్లు, ఆస్పత్రుల జట్టు. ఖర్చు తగ్గిస్తే మిగిలినదాంట్లో దానికి వాటా వస్తుంది. ఎవరూ ఏదీ అమ్మలేదు. కార్డు అదే, క్లెయిమ్ ఎప్పటిలాగే మెడికేర్‌కే వెళ్తుంది. 2012 నుంచి నడుస్తున్న ఏర్పాటు ఇది. మెడికేర్ తీసుకునే ఏ డాక్టర్ దగ్గరికైనా, ఏ రాష్ట్రంలోనైనా, రిఫరల్ లేకుండా వెళ్లొచ్చు. ఈ రెండు పాయింట్ల మీద ఇంతకంటే సమయం పెట్టక్కర్లేదు.

రికార్డుల సంగతి: మెడికేర్ తన దగ్గరున్న క్లెయిముల సమాచారాన్ని ఏసీవోకి ఇస్తుంది. వద్దనుకుంటే 1-800-మెడికేర్‌కి ఫోన్ చేసి ఆపించొచ్చు. కానీ దాంతో ఏసీవో లెక్కలోంచి పేరు పోదు. ఇంకో కార్డియాలజిస్టు రాసిన మందు, ఇంకో ఊళ్లో చేరిన ఆస్పత్రి మాత్రం మీ డాక్టర్ కంటికి ఆనవు, అంతే. 2023లో యూరిన్ కెథటర్ల పేరుతో వచ్చిన అనుమానాస్పద బిల్లుల వరదను బయటపెట్టినవాళ్లలో ఏసీవోలు ఉన్నాయి. ఈ క్లెయిములు చూడగలిగారు కాబట్టే పట్టుకోగలిగారు.

ఇక కమీషన్. ఒక ఏసీవోకి 10,000 మంది పేషెంట్లు, తలకు ఏడాదికి 12,000 డాలర్ల బెంచ్‌మార్క్, అంటే మెడికేర్ వేసే ఖర్చు అంచనా, అనుకోండి. మొత్తం 12 కోట్ల డాలర్లు. నష్టానికి పూచీ లేని మొదటి మెట్టులో, ఈ సైజు ఏసీవోకి మామూలుగా 3 శాతం, అంటే 36 లక్షల డాలర్లు మిగిలితేనే వాటా లెక్క మొదలవుతుంది. అది దాటితే మిగిలినదాంట్లో గరిష్ఠంగా 40 శాతం వస్తుంది. అది కూడా ఏడాది ముగిసి, లెక్కలు తేలాక, అందరికీ పంచుకోవాలి. 300 డాలర్ల ఎమ్మారై ఒకటి ఆపితే ఆ డాక్టర్ జేబులోకి ఎంత వస్తుందో మీరే లెక్కేసుకోండి. ఆ ఎమ్మారై ఆపడం వల్ల జబ్బు ముదిరి ఆస్పత్రిలో చేరితే, అది ఎవరి ఆస్పత్రి అయినా సరే, ఆ వేల డాలర్ల బిల్లు ఇదే ఏసీవో ఖాతాలో పడుతుంది. బీపీ, షుగర్ అదుపు, రొమ్ము క్యాన్సర్ స్క్రీనింగ్‌లకు మార్కులుంటాయి. నాణ్యత ప్రమాణం అందుకోకపోతే వాటా తగ్గుతుంది, లేదా అసలు రాదు. టెస్టులు ఎగ్గొట్టి బాగుపడే లెక్క ఇందులో ఎక్కడుంది?

జబ్బు ముదిరినవాళ్లను వదిలించుకుంటారన్నదీ అంతే. ఒక్క పేషెంటు ఖర్చు ఆకాశాన్నంటినా, దేశవ్యాప్తంగా 99వ పర్సంటైల్ దగ్గర కోసేసి మిగతాది లెక్కలోకి తీసుకోరు. జబ్బుల తీవ్రతను బట్టి బెంచ్‌మార్క్ కూడా మారుతుంది. ఖరీదైన పేషెంట్లను తప్పించుకుంటే ఏసీవోని కార్యక్రమంలోంచి తీసేసే అధికారం మెడికేర్‌కి ఉంది.

అసలు ప్రమాదం ఆఖరి లైనులో ఉంది: "వెంటనే అడ్వాంటేజ్‌కి మార్చేయండి." అడ్వాంటేజ్ అంటే మెడికేర్ సేవల్ని ప్రైవేటు ఇన్సూరెన్స్ కంపెనీ ద్వారా ఇచ్చే ప్లాన్. ఖర్చు తగ్గితే లాభపడేవాళ్లంటే భయమని చెప్పి, తలకింత అని నెలనెలా డబ్బు ముందే పుచ్చుకునే ఇన్సూరెన్స్ కంపెనీ చేతికి అమ్మానాన్నల్ని అప్పగించమంటారా? నెట్‌వర్కూ, ముందస్తు అనుమతులూ ఉండేది అక్కడే.

పైగా వెనక్కి రావడం కష్టం. 65 దాటినవాళ్లకు పార్ట్ బి (మెడికేర్‌లో డాక్టర్ ఫీజుల భాగం) మొదలైన రోజు నుంచి 6 నెలలపాటే ఆరోగ్య ప్రశ్నలు లేకుండా ఏ మెడిగ్యాప్ పాలసీ (మెడికేర్ కట్టని వాటాను భరించే ప్రైవేటు పాలసీ) అయినా దొరుకుతుంది. గ్రీన్ కార్డు మీద 5 ఏళ్లు వరసగా ఉండి, ప్రీమియం కట్టి మెడికేర్ తీసుకున్న తల్లిదండ్రులకూ ఆ 6 నెలలే. మెడిగ్యాప్ వదిలి మొదటిసారి అడ్వాంటేజ్‌కి వెళ్లినవాళ్లకు 12 నెలల్లోపు తిరిగొచ్చే హక్కుంది. ఆ తర్వాత చాలా రాష్ట్రాల్లో కంపెనీ షుగర్ గురించి, స్టెంట్ గురించి అడగొచ్చు, పాలసీ ఇవ్వనని చెప్పొచ్చు. న్యూయార్క్, కనెక్టికట్, మసాచుసెట్స్, మెయిన్‌లలో అలా కుదరదు. టెక్సాస్, న్యూజెర్సీల్లో కుదురుతుంది. మనవాళ్లు ఎంతమంది ఆ రెండు రాష్ట్రాల్లో ఉన్నారో చెప్పక్కర్లేదు. మెడిగ్యాప్ ప్రీమియం భరించలేని ఇంటికి, ఏడాది ఖర్చుకి గరిష్ఠ పరిమితి ఉండే అడ్వాంటేజ్ సరిపోవచ్చు. అది కూర్చుని లెక్కేసుకుని తీసుకోవాల్సిన నిర్ణయం. లెటర్ చూసి హడలిపోయి తీసుకునేది కాదు.

ఒక్క విషయంలో ఆ మెసేజ్ రాసినవాళ్ల కోపం న్యాయమే. ఏసీవోలో చేర్చేముందు పేషెంటును ఎవరూ అడగరు. ప్రైమరీ కేర్ ఎక్కువగా ఏ డాక్టర్ల దగ్గర తీసుకున్నారో క్లెయిముల్లో చూసి మెడికేరే కలిపేస్తుంది. మిగిలిన సొమ్ములో పేషెంటుకి వాటా కూడా లేదు. 2023 ఏడాదికి ఏసీవోలకు దాదాపు 310 కోట్ల డాలర్లు వెళ్లాయి, అవి పోగా మెడికేర్‌కి 210 కోట్లు మిగిలాయి. తనకు నచ్చిన డాక్టర్‌ని తానే చెప్పుకోవాలనుకునేవాళ్లు మెడికేర్ వెబ్‌సైట్‌లోని తమ అకౌంట్‌లో ప్రైమరీ క్లినిషియన్‌ని ఎంచుకోవచ్చు. క్లెయిముల లెక్క కంటే దానికే విలువెక్కువ.

ఆ మెసేజ్‌లో లేనిది, మీరు నిజంగా చూసుకోవాల్సింది ఇంకోటుంది. క్లినిక్ నర్సు నెలనెలా ఫోన్ చేసి మందుల గురించి అడిగే సేవ, క్రానిక్ కేర్ మేనేజ్‌మెంట్. మంచిదే, కానీ ఉచితం కాదు. నెలలో 20 నిమిషాలు నిండితే బిల్లవుతుంది. మెడిగ్యాప్ లేనివాళ్లు అందులో 20 శాతం, అంటే నెలకు సుమారు 12 డాలర్లు కట్టాలి. దానికి ముందుగా పేషెంటు ఒప్పుకోవాలి, నోటిమాట చాలు. ఇంగ్లిష్ సరిగా అర్థంకాక అమ్మ ఫోన్‌లో "ఓకే, ఓకే" అన్నా ఒప్పుకున్నట్టే రాసుకునే వీలుంది. బిల్లు వస్తే క్లినిక్‌కి ఫోన్ చేసి ఆ సేవ వద్దని చెప్పండి. ఆ నెలాఖరుతో ఆగిపోతుంది.