లేహ్‌లో సరుకుంటే చాలదు, పోస్టుకు చేరాలి

గల్వాన్‌లో 2020 జూన్ 15న సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు సహా 20 మంది సైనికులు ప్రాణాలర్పించాక తూర్పు లద్దాఖ్‌కు భారీగా బలగాలు తరలాయి. వైమానిక దళం 68 వేల మందికి పైగా సైనికులను, 90 దాకా ట్యాంకులను, సైనికులను మోసే 330 బీఎంపీ యుద్ధ వాహనాలను చేరవేసింది. మన దగ్గర మెదక్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో తయారయ్యే ‘సారథ్’ ఈ బీఎంపీ-2 రకమే. ఆ తరలింపును దేశమంతా మెచ్చుకుంది. మెచ్చుకోవాల్సిందే. అయితే బలగాలను ఎక్కించడం కొన్ని వారాల పని. ఎక్కినవాళ్లకు అక్కడ రోజూ తిండి, వెచ్చదనం, మందుగుండు అందించడం ఏడాది పొడవునా సాగాల్సిన పని. చర్చలన్నీ మొదటిదాని దగ్గరే ఆగిపోతున్నాయి.

లద్దాఖ్‌కు భారీ సరుకు చేరాలంటే చాలాకాలం రెండే దారులు. శ్రీనగర్ నుంచి జోజిలా కనుమ మీదుగా కార్గిల్, లేహ్ వెళ్లేది సుమారు 430 కిలోమీటర్లు. మనాలీ నుంచి వచ్చే రెండో దారిలో 16 వేల అడుగుల బారాలాచా లా, 17 వేలు దాటిన తంగ్‌లంగ్ లా కనుమలు అడ్డం. మంచు పడితే రెండూ మూతపడతాయి. అందుకే చలికాలానికి కావలసినదంతా వేసవిలోనే పైకి చేర్చి పెడతారు. సైన్యం దీన్ని అడ్వాన్స్ వింటర్ స్టాకింగ్ అంటుంది. ఏ యూనిట్‌కు ఏ సరుకు ఎంత కావాలన్న ఇండెంట్లు అంతకు ఎంతో ముందే తేలాలి, కొనుగోళ్లు పూర్తికావాలి, కనుమ తెరుచుకునేసరికి లారీలు కింద సిద్ధంగా ఉండాలి. మార్చిలో ఆగిన ఫైలు ఫలితం జనవరిలో ఏదో ఒక సరిహద్దు పోస్టులో కనిపిస్తుంది. అప్పటికి దిద్దుకునే వీలుండదు.

విమానాలున్నాయిగా అనేవారి కోసం చిన్న లెక్క. తిండి, కిరోసిన్, డీజిల్, ఇతర సరుకులు కలిపి మనిషికి రోజుకు 10 కిలోలు అనుకుందాం. 50 వేల మందికి రోజుకు 500 టన్నులు, 180 రోజులకు 90 వేల టన్నులు. ఐదు టన్నుల లారీలకైతే 18 వేల ట్రిప్పులు. సీ-17 రవాణా విమానం గరిష్ఠంగా 77 టన్నులు మోయగలదు. కానీ లేహ్ రన్‌వే 10,600 అడుగులకు పైన ఉంది. గాలి పలుచన, చుట్టూ కొండలు, మధ్యాహ్నం దాటితే ఈదురుగాలులు, కాబట్టి పని ఎక్కువగా ఉదయమే ముగించాలి. సగటున 40 టన్నులు దిగాయనుకున్నా 2,250 సార్లు రావాలి. అత్యవసర వస్తువులకు, మనుషులకు, రోడ్డు తెగిన రోజులకు విమానం ప్రాణాధారం. రోజువారీ బియ్యానికి, కిరోసిన్‌కు అది రోడ్డుకు బదులు కాలేదు.

మనుషుల విషయంలో మరో చిక్కు ఉంది. కింది నుంచి విమానంలో వచ్చిన సైనికుడిని వెంటనే ముందుకు పంపలేరు. 9 వేల నుంచి 12 వేల అడుగుల మధ్య 6 రోజులు, 15 వేల వరకు మరో 4 రోజులు, ఆపైన ఇంకో 4 రోజులు శరీరాన్ని అలవాటు చేయాలి. అంటే రెండు వారాల పాటు వాళ్లు తింటారు, వెచ్చదనం కావాలి, పడుకోవడానికి చోటు కావాలి, కానీ ఇంకా కాపలాకు రారు. అదనపు బలగాలు వస్తున్నాయంటే ఈ మజిలీ శిబిరాల సరుకు కూడా లెక్కలో ముందే ఉండాలి.

అసలు కష్టం లేహ్ దాటాక మొదలవుతుంది. డిపో నుంచి పెద్ద లారీ కొంతదూరం, అక్కడి నుంచి చిన్న వాహనం, ఆపైన కంచరగాడిదలు, పోర్టర్లు, హెలికాప్టర్లు. మెట్టు మారినప్పుడల్లా మూట చిన్నదవుతుంది, సమయం పెరుగుతుంది. కంచరగాడిద సుమారు 70 కిలోలు మోస్తుంది. 20 లీటర్ల కిరోసిన్ క్యాన్ డబ్బాతో కలిపి 20 కిలోలకు దగ్గర, అంటే ఒక్కో దానిపై మూడు క్యాన్లు. గుడారాన్ని వెచ్చగా ఉంచే కిరోసిన్ పొయ్యి, అంటే ఒక బుఖారీకి రోజుకు 5 లీటర్లు పడుతుందనుకుంటే ఆరు నెలలకు 900 లీటర్లు, 45 క్యాన్లు. ఒక్క పొయ్యి కోసం 15 గాడిద బరువులు కొండెక్కాలి! సియాచిన్ లాంటి చోట్ల పని చీతా హెలికాప్టర్ మీద పడుతుంది. 20 వేల అడుగుల దగ్గర అది మోయగలిగేది కొద్ది పదుల కిలోలే.

ఈ దారిలో పాడయ్యేవి చాలా ఉన్నాయి. మామూలు డీజిల్‌లో మైనం గడ్డకట్టి ఫిల్టర్ మూసుకుపోతుంది. ఇండియన్ ఆయిల్ 2019లో మైనస్ 33 డిగ్రీల దాకా పారే వింటర్ డీజిల్ తెచ్చింది. కానీ వేసవిలో నింపిన డీజిల్ ట్యాంకు అడుగున మిగిలి ఉంటే ఆ ప్రయోజనం తగ్గుతుంది. కోడిగుడ్లు గడ్డకట్టి పగులుతాయి, బంగాళాదుంపలు మంచు తగిలి పాడవుతాయి, బ్యాటరీల బలం సగానికి పడిపోవచ్చు. గుడారంలో గాలి ఆడకపోతే బుఖారీ నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పేర్చే వరుస తప్పినా నష్టమే. ముందు వాడాల్సిన డబ్బాలు వెనక్కి పోతే, మంచులో తవ్వి తీసేసరికి గడువు దాటి ఉంటుంది.

వీటన్నిటికన్నా నన్ను ఎక్కువగా బాధించేది కాగితం మీద సరిపోయి, మనిషికి సరిపోని లెక్క. ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ 2020 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుంచిన నివేదిక ఎత్తయిన ప్రాంతాల సైనికులకు మంచు కళ్లద్దాల కొరత 62 నుంచి 98 శాతం దాకా ఉందని చెప్పింది. 2015 నవంబరు నుంచి 2016 సెప్టెంబరు వరకు మల్టీపర్పస్ బూట్లు జారీ కాక, పాతవాటినే మళ్లీ బాగుచేసి ఇచ్చారు. రేషన్ సంగతి మరీ ఘోరం. ఒక ప్రత్యేక ఆహార పదార్థం దొరకనప్పుడు బదులు ఇచ్చేదాన్ని ధరకు ధర సరిచూసి ఇచ్చారు. పోషకం సరిచూడలేదు. దాంతో అందాల్సిన కేలరీలు 82 శాతం దాకా తగ్గిన సందర్భాలున్నాయి. ఖాతా పుస్తకంలో రూపాయి తేడా లేదు. 15 వేల అడుగుల ఎత్తులో ఆకలే సరిగా వేయని మనిషికి మాత్రం ఒంట్లోకి వెళ్లాల్సింది వెళ్లలేదు.

మందుగుండు లెక్క వేరు. బియ్యం ఖర్చు రోజూ ఒకేలా ఉంటుంది. గుండ్ల ఖర్చు శాంతికాలంలో దాదాపు లేనట్టే, యుద్ధం రాగానే వరద. 1999లో కార్గిల్‌లో రెండున్నర లక్షల గుండ్లు, బాంబులు, రాకెట్లు ప్రయోగించారు. రోజుకు సుమారు 5 వేలు, టైగర్ హిల్ తిరిగి చేజిక్కిన రోజు 9 వేలు. ఇంత జరిగాక కూడా, 2016 సెప్టెంబరు నాటికి 152 రకాల మందుగుండులో 61 రకాలు పది రోజుల తీవ్ర యుద్ధానికైనా చాలవని 2017 నాటి కాగ్ నివేదిక తేల్చింది. గుండును పేల్చే ఫ్యూజులు లేక వాడకానికి పనికిరాని స్థితిలో ఉన్న గుండ్ల గురించీ అందులో ఉంది. ఫ్యూజు లేని గుండు ఇనుప ముద్దతో సమానం. డిపో జాబితాలో మాత్రం అదీ నిల్వ కిందే కనిపిస్తుంది. పోనీ ఎక్కువ పోగేసి ఊరుకుందామంటే అదీ ప్రమాదమే. 2016 మే 31న పుల్‌గావ్ మందుగుండు డిపోలో మంటలు చెలరేగి రక్షణ సిబ్బంది, అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. నిల్వ చేయడమంటే పాతబడినదాన్ని వేళకు గుర్తించి తొలగించడం కూడా.

రోడ్ల విషయంలో మార్పు స్పష్టంగా కనిపిస్తోంది. 2020 అక్టోబరులో 9 కిలోమీటర్ల అటల్ సొరంగం మనాలీ దారిలో రోహ్‌తాంగ్ కనుమ బెడదను తీర్చింది. 2025 జనవరిలో శ్రీనగర్ దారిలో సోన్‌మార్గ్ సొరంగం తెరుచుకుంది. హైదరాబాద్‌కు చెందిన మేఘా సంస్థ తవ్వుతున్న సుమారు 13 కిలోమీటర్ల జోజిలా సొరంగం పూర్తయితే శ్రీనగర్ దారికి అతిపెద్ద గండం తొలగుతుంది. నిమ్ము-పదుమ్-దార్చా మూడో దారి కలిసింది. దానిపై షింకున్ లా సొరంగం పనులు 2024 జులైలో మొదలయ్యాయి. ఒకప్పుడు నెలల తరబడి మూతపడిన జోజిలాను సరిహద్దు రోడ్ల సంస్థ 2025లో 32 రోజుల్లోనే తెరిచింది.

ఈ సంతోషంలో ఒక పొరపాటు జరిగే ప్రమాదం ఉంది. రోడ్డు ఏడాదంతా తెరిచి ఉంటుంది కదా, ఇంత నిల్వ దండగ అనే ఆలోచన ఆర్థిక శాఖ వైపు నుంచి ఎప్పుడైనా రావచ్చు. సొరంగం లేహ్ దాకా దారి చూపుతుంది. లేహ్ నుంచి పోస్టుకు ఉన్న మంచు, వాలు, కంచరగాడిద మోసే 70 కిలోలు అలాగే ఉంటాయి. యుద్ధం వస్తే శత్రువు మొదట గురిపెట్టేది కూడా సొరంగం నోటికే, దాని ముందున్న వంతెనకే. లేహ్ డిపోల్లో నిల్వ తగ్గించే వీలు కొంత ఉండవచ్చు. ముందు పోస్టుల దగ్గర ఒక్క క్యాన్ కూడా తగ్గించకూడదు.

కొలిచే పద్ధతి మారాలి. డిపోలో ఎన్ని టన్నులున్నాయన్నది కాదు, ఫలానా పోస్టులో ఉన్నవాళ్లకు తిండి, కిరోసిన్, ఫ్యూజుతో సహా గుండ్లు ఎన్ని రోజులకు సరిపోతాయన్నదే పై అధికారి ముందుకు వెళ్లాల్సిన అంకె. బూట్ల లెక్క జతల మొత్తంలో కాక సైజులవారీగా ఉండాలి. 7వ నంబరు బూట్లు వెయ్యి మిగిలి ఉన్నా 9వ నంబరు పాదానికి పనికిరావు. రేషన్‌లో బదులు పదార్థాన్ని కేలరీలు, ప్రొటీన్ చూసి ఇవ్వాలి, ధర తర్వాత. రక్షణ శాఖపై పార్లమెంటు స్థాయీ సంఘం ఏటా అక్టోబరులో, దారులు మూసుకోకముందే, ఈ అంకెలను రహస్య సమావేశంలో తెప్పించుకుని చూడాలి. కాగ్ నివేదిక వచ్చేసరికి ఆ చలికాలం గడిచి నాలుగేళ్లవుతోంది.