థర్మామీటర్ ఎక్కడ పెట్టాలో చెప్పని చదువు

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి స్టైరిన్ అనే విష రసాయనం ఆవిరి ఆర్.ఆర్. వెంకటాపురం ఇళ్ల మీదికి వచ్చింది. 12 మంది చనిపోయారు. సైరన్ మోగలేదన్న సంగతి అందరికీ గుర్తుంది. తర్వాత రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ ఇంకో మాట కూడా చెప్పింది, దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఆ ట్యాంకులో ఉష్ణోగ్రతను అడుగున మాత్రమే కొలిచేవారట. పైన ఏం ఉడుకుతోందో అడుగునున్న అంకె ఎలా చెబుతుంది?

పర్యావరణ నిర్వహణలో పీజీ చేద్దామనుకుంటున్నాం, స్కోప్ ఉందా అని అడిగే పిల్లలకు నేను ముందు ఈ ట్యాంకు సంగతే చెబుతాను. స్కోప్‌కేం, ఉంది. గేట్ పరీక్షలో 2021 నుంచి పర్యావరణ శాస్త్రం, ఇంజనీరింగ్‌కు ప్రత్యేకంగా పేపరే పెట్టారు. టాప్ 1000 లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి ఏటా పర్యావరణ, సామాజిక బాధ్యతల లెక్క చెప్పాలని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ అంది. ప్లాస్టిక్, ఈ-వ్యర్థాల నిబంధనల వల్ల మరికొన్ని ఉద్యోగాలు వచ్చాయి. చదవడానికి హైదరాబాద్ జేఎన్టీయూలో ఎంటెక్ ఉంది, ఆంధ్రా, ఉస్మానియా యూనివర్సిటీల్లో ఎమ్మెస్సీలు ఉన్నాయి, డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో సరిగ్గా ఇదే పేరుతో ఎమ్మెస్సీ ఉంది. అప్పు చేసి బ్రిటన్ వెళ్లి ఏడాదిలో ముగించుకొచ్చేవాళ్లూ ఉన్నారు. నా పేచీ సీట్లతోనో జీతాలతోనో కాదు.

నేనూ ఈ చదువు చదివినవాణ్ణే. మొదటి ఉద్యోగం, ఫ్యాక్టరీల అనుమతికి కావలసిన పర్యావరణ నివేదికలు రాసిపెట్టే ఒక కన్సల్టెన్సీలో. కృష్ణ ఒడ్డున ఓ పల్లె, పక్కనే సిమెంటు ఫ్యాక్టరీ విస్తరణ. ఒకరి డాబా మీద గాలిలో దుమ్మును కొలిచే డస్ట్ శాంప్లర్ పెట్టుకుని 24 గంటలు కూర్చోవాలి, ఎనిమిది గంటలకోసారి ఫిల్టర్ పేపర్ మార్చాలి. రాత్రి పదకొండింటికి కరెంటు పోయింది, వచ్చేసరికి నాలుగు దాటింది. ఆ ఐదు గంటలూ కింద రోడ్డు మీద లారీలు పోతూనే ఉన్నాయి. పొద్దున్నే టీ ఇవ్వడానికి పైకొచ్చిన ఇంటావిడ అడిగింది: "మిషన్ ఆగింది సరే బిడ్డా, దుమ్ము ఆగిందా?" నా దగ్గర జవాబు లేదు. నివేదికలో మాత్రం ఆ రోజు గడిలో చక్కగా ఒక అంకె ఉంది. అది ఘనపు మీటరు గాలికి 100 మైక్రోగ్రాముల దుమ్ము అన్న పరిమితికి లోపలే ఉంది. ఎవరు నింపారో నేను అడగలేదు. అడగాలని నాకు ఏ క్లాసులోనూ చెప్పలేదు, అడిగే ధైర్యం సొంతంగా ఇంకా రాలేదు.

క్లాసులో చెప్పింది వేరు. పర్యావరణ నిర్వహణకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 14001లో అధ్యాయాలు ఎన్ని, ప్రాజెక్టు ప్రభావాల్ని పట్టికగా వేసే లియోపోల్డ్ మ్యాట్రిక్స్ ఎలా గీయాలి, 1974 నీటి చట్టంలో ఏ సెక్షన్ ఏమంటుంది. ఇవి అక్కర్లేదని అనను. కానీ పర్యావరణ ప్రభావ అంచనా మీద కేంద్రం ఇచ్చిన 2006 నోటిఫికేషన్ ప్రకారం, పర్యావరణ అనుమతికి వానాకాలం కాని ఒక్క సీజన్ బేస్‌లైన్ డేటా, అంటే ప్రాజెక్టుకు ముందు గాలి, నీళ్లు ఎలా ఉన్నాయన్న కొలతలు, చాలు. వారానికి రెండు రోజుల చొప్పున 12 వారాలు కొలిస్తే గాలి పని అయిపోయినట్టే. వాన పడ్డ రాత్రే వాగులోకి ఫ్యాక్టరీల రంగునీళ్లు వదులుతారని హైదరాబాద్ పక్కన పటాన్‌చెరు, బొల్లారం వైపు ఎవరిని కదిపినా చెబుతారు. అంటే ఊరు వేలు చూపే రోజులు మన క్యాలెండర్‌లోనే లేవు. పరీక్షలో 'బేస్‌లైన్ డేటా అనగానేమి' అని అడిగే మాస్టారు, ఏ నెల వదిలేశారు, ఎందుకు వదిలేశారు అని ఒక్కసారి అడిగితే పిల్లల చూపే మారిపోతుంది.

భాష సంగతి ఇంకా చోద్యం. ప్రజాభిప్రాయ సేకరణకు 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, కలెక్టరో ఆయన ప్రతినిధో కూర్చోవాలి, వీడియో తీయాలి. అన్నీ పద్ధతిగానే జరుగుతాయి. వందల పేజీల నివేదిక ఇంగ్లిషులో, ఊరివాళ్ల చేతికి మాత్రం నాలుగు పేజీల తెలుగు సారాంశం. అందులో 'పరిసర గాలి నాణ్యత యొక్క పర్యవేక్షణ చేపట్టబడినది' లాంటి వాక్యాలు. బోరునీళ్లు తాగొచ్చా, పత్తి మీద దుమ్ము పడుతుందా అన్నవి అందులో దొరకవు. అది రాసింది మన క్లాస్‌మేటే. రెండేళ్ల పీజీలో తెలుగులో ఒక్క పేజీ రాయమని ఎవరూ అడగలేదు మరి, ఏం చేస్తాడు పాపం!

నా స్నేహితుడు ఒకాయన ఓ కాలేజీలో ఇదే పాఠం చెబుతాడు. నా మాట ఒప్పుకోడు. "నివేదికకు డబ్బులిచ్చేది ఫ్యాక్టరీ వాడే అయినప్పుడు నువ్వు పిల్లల్ని డాబా మీద ఎన్ని రాత్రులు పడుకోబెట్టినా ఒరిగేదేముంది?" అంటాడు. ఆ మాటలో నిజం ఉంది. రూపాయి దారి మారకుండా అంకె దారి మారదు. అయితే రేపు కాలుష్య నియంత్రణ మండలిలో ఆ నివేదికను చదవబోయేదీ ఇదే చదువు చదివినవాళ్లే కదా. కరెంటు పోయిన ఊళ్లో 24 గంటల రీడింగ్ ఎలా వచ్చిందని అడగాలంటే, వాళ్లలో ఒక్కరైనా అలాంటి డాబా మీద ఒక రాత్రి గడిపి ఉండాలి.

మొన్న ఒక అమ్మాయి రెండు కాలేజీల్లో ఏది మంచిదో చెప్పమంది. ర్యాంకులు పక్కన పెట్టి, ఫీల్డులో ఎన్ని రోజులు ఉంచుతారో సీనియర్లను కనుక్కోమన్నాను. సాయంత్రానికి మెసేజ్ పెట్టింది. ఒక కాలేజీ నుంచి జవాబే రాలేదట. రెండో కాలేజీ సీనియర్ మాత్రం వెంటనే చెప్పాడట: "ఒక రోజు. బస్సులో తీసుకెళ్లి ఫ్యాక్టరీ మురుగునీళ్లు శుద్ధి చేసే ఈటీపీ చూపించారు, ఆ రోజు అది నడవట్లేదు."