ఒకే రోడ్డుకి ఎన్నిసార్లు డబ్బులు కట్టాలి?

మా లేఅవుట్ వాట్సాప్ గ్రూపులో మళ్లీ చందా అడుగుతున్నారు. మెయిన్ రోడ్డు దాకా గుంతలు పూడ్పించడానికి ఇంటికి ఇంత అని. అడుగుతున్న అన్న మంచివాడు. వాళ్లమ్మాయి రోజూ ఆ రోడ్డు మీదే స్కూటీలో కాలేజీకి వెళ్తుంది, ఆయన భయం నాకు అర్థమవుతుంది. అయినా ఈసారి నేను ఇవ్వనని చెప్పేశాను. బెంగళూరులో హూడి, మారతహళ్లి, రామమూర్తినగర్ వైపు ఉన్న మనవాళ్లందరిదీ ఇదే బాధ కాబట్టి కారణం ఇక్కడ రాస్తున్నాను.

ఈ రోడ్డుకి మనం ఇప్పటికే కట్టాం. పది నుంచి ఇరవై లక్షల లోపు పెట్రోలు కారుకి కర్ణాటకలో లైఫ్ టాక్స్ 17 శాతం, దాని మీద మళ్లీ సెస్సు. ఏపీ నంబరు బండి తెచ్చుకున్నా ఏడాది దాటితే ఇక్కడ కట్టాల్సిందే. ఏప్రిల్ రాగానే 5 శాతం రిబేటు పోకూడదని ప్రాపర్టీ టాక్స్ కట్టేస్తాం, 2025 నుంచి అందులోనే చెత్త రుసుము కూడా కలిపారు. ఇన్ని కట్టాక తారు కూడా మనమే కొనుక్కోవాలా?

డబ్బుల్లేవంటే నేను నమ్మను. 2025-26లో బీబీఎంపీ, అంటే అప్పటి బెంగళూరు నగరపాలక సంస్థ, బడ్జెట్ దాదాపు 19,900 కోట్లు. హెబ్బాళ నుంచి సిల్క్ బోర్డు దాకా దాదాపు 17 కిలోమీటర్ల సొరంగం రోడ్డుకి వేసిన అంచనా 17 వేల కోట్లకు పైనే. భూమి కింద అంత ఖర్చు పెట్టగలిగినవాళ్లకి, పైన మోరీలో పూడిక తీయించడానికి చేతులు రావడం లేదు.

అసలు జబ్బు ఆ మోరీలోనే ఉంది. తారుకి నీళ్లే శత్రువు. వాన నీళ్లు పక్క కాలువలోకి పోయే కన్నాలు మట్టితో మూసుకుపోతే నీళ్లు రోడ్డు మీదే నిలబడతాయి, కంకర ఊడొస్తుంది. మా వీధి చివర పూడ్చడం నేను నిలబడి చూశాను. గుంతలో నీళ్లు అలాగే ఉన్నాయి. ఎవరూ తోడలేదు, ఊడ్వలేదు. ట్రాక్టర్లోంచి తారు కలిపిన కంకర పారతో పోసి, పార వెనక్కి తిప్పి నాలుగు దెబ్బలు కొట్టి వెళ్లిపోయారు. రోలర్ ఊసే లేదు. రెండు వానలకి ఆ కంకరంతా రోడ్డు మీదికొచ్చింది. ఇప్పుడు గుంత కంటే ఆ రాళ్ల మీద జారిపడే బండ్లే ఎక్కువ.

ఇంకోటి, తవ్వకాలు. 2007లో నగరంలో కలిపిన 110 గ్రామాలకి కావేరి ఐదో దశ నీళ్లు 2024 అక్టోబరులో మొదలయ్యాయి. నీళ్లు రావాల్సిందే, నేను కాదనను. కానీ పైపు వేసిన కాలువని సరిగ్గా దట్టించకుండా మట్టి తోసేస్తే రోడ్డు కుంగక ఏమవుతుంది? రోడ్డు కోసినవాళ్ల దగ్గర దాన్ని మళ్లీ వేయడానికని డబ్బులు కూడా వసూలు చేస్తారు. ఆ డబ్బులు ఏ రోడ్డుకి పోయాయో చెప్పేవాళ్లు లేరు. రెసిడెన్సీ రోడ్డులో వైర్లు, పైపులన్నీ ఫుట్‌పాత్ కింద పెట్టారు, మాటిమాటికీ రోడ్డు తవ్వే పని ఉండదు. అలా వేయడం ఈ నగరానికి చేతనవును, కాకపోతే మన వైపు రాలేదు.

అడుగుదామంటే ఎవర్ని అడగాలి? కార్పొరేటర్ల పదవీకాలం 2020 సెప్టెంబరులో అయిపోయింది. 2025 సెప్టెంబరులో నగరాన్ని ఐదు కార్పొరేషన్లు చేశారు, అదీ ఎన్నికైనవాళ్లు లేకుండానే. ఇంజనీరు బదిలీ అయి వెళ్లిపోతాడు, కాంట్రాక్టరు ఫోనెత్తడు.

మనం చందాతో పూడ్చుకుంటే ఆ కాంట్రాక్టరు బాధ్యత కూడా మనమే మోసినట్టు. వేసిన రోడ్డు కొంతకాలం పాడవకుండా చూసుకునే షరతు టెండర్లోనే ఉంటుంది. మా రోడ్డుకి ఆ గడువు ఎప్పటిదాకానో, బిల్లు ఎంత ఇచ్చారో ఆర్టీఐలో అడుగుదామని గ్రూపులో పెట్టాను. ముగ్గురు సరేనన్నారు.

2024 మే 13న ఓటేయడానికి మనవాళ్లు కిక్కిరిసిన బస్సుల్లో ఊళ్లకి వెళ్లారు. సొంతూరి మీద ప్రేమ, తప్పులేదు. కానీ ఇక్కడే ఇల్లు కొని, పిల్లల్ని ఇక్కడే చదివిస్తున్నవాళ్లు ఫారం 8 నింపి ఓటు ఇక్కడికి మార్చుకోండి. మా ఇంట్లో అందరివీ మార్పిస్తున్నాను. ఎలా నింపాలో తెలియకపోతే కామెంట్లో అడగండి, నేను చెప్తాను.