పది రోజుల బిళ్ళ, మూడేళ్ళు

అమ్మ బీరువా సర్దుతుంటే పాత మందుల చీటీ దొరికింది. నాయన చనిపోయిన నెలలో కడపలోనే ఒక డాక్టరు రాసిచ్చింది. ఆల్ప్రజోలం అనే నిద్ర బిళ్ళ, 0.25 మిల్లీగ్రాములు, రాత్రి ఒకటి, పది రోజులు. అంతే. అమ్మ మూడేళ్ళుగా వేసుకుంటోంది, ఇప్పుడది 0.5 అయింది, ఎప్పుడు పెరిగిందో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.

నాకు కోపం బిళ్ళ మీద కాదు. ఆ మొదటి పది రోజులు అదే లేకుంటే అమ్మ ఏమైపోయేదో. పదకొండో రోజు ఏం చేయాలో ఎవరూ చెప్పలేదే, దానికి మండుతోంది. ఆల్ప్రజోలం షెడ్యూల్ హెచ్1 మందు, 2014 నుంచి చీటీ చూసి, పేషెంటు పేరు, డాక్టరు పేరు రిజిస్టర్లో రాసుకొని ఇవ్వాలి. మా వీధి మెడికల్ షాపులో "అమ్మకు నిద్ర బిళ్ళ" అంటే చాలు (తప్పు నాది కూడా, తెచ్చింది నేనే కదా).

మెదడును నెమ్మదింపజేసే గాబా అనే రసాయనం పనిని పెంచి ఈ బిళ్ళ జోకొడుతుంది. కొన్ని వారాలకు మెదడు దానికి అలవాటు పడిపోతుంది, అప్పుడు ఒక్కరోజు మానేసినా నిద్ర మునుపటికన్నా ఘోరంగా పోతుంది, అమ్మేమో "చూసినావా, బిళ్ళ లేకుంటే నాకు నిద్రే లేదు" అంటుంది. అది జబ్బు కాదమ్మా, బిళ్ళ మానేసిన దెబ్బ అంటే వినదు. అట్లని ఒక్కసారిగా ఆపకూడదు, ఫిట్స్ కూడా రావచ్చు. పోయిన నెల అమ్మ బిళ్ళ మత్తులో అర్ధరాత్రి బాత్రూంకు లేచి తూలి పడింది, దేవుడి దయ, తుంటి ఎముక విరగలేదు.

మా పిన్ని సలహా ఇంకోటి: జలుబు బిళ్ళ వేసుకో, మత్తుగా పడుకుంటావు అని. ఆ వయసులో దాంతో నోరెండిపోవడం, ఒంటేలు సరిగా రాకపోవడం, తికమక పడటం అన్నీ ఉన్నాయి పిన్నీ. జోల్పిడెం అనే ఇంకో నిద్ర మందు మంచిదంట అని ఒక బంధువు. అది వేసుకొని నిద్రలోనే లేచి బండి నడిపినవాళ్ళు ఉన్నారని అమెరికాలో మందుల్ని నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2019లో దానిమీద పెద్ద హెచ్చరికే పెట్టించింది.

దీర్ఘకాలం నిద్ర పట్టనివాళ్ళకు మందుకంటే ముందు సీబీటీ-ఐ అనే పద్ధతి చూడమని 2016లోనే అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంఘం చెప్పింది. రోజూ ఒకే టైముకు లేవడం, నిద్ర రాకుంటే మంచం దిగి రావడం, ఇట్లాంటివి దగ్గరుండి నేర్పిస్తారు. కడపలో నేర్పేవాళ్ళెవరని నెలగా అడుగుతున్నా, అందరూ ఇంకో బిళ్ళ పేరే చెప్తున్నారు.

ఇప్పుడు కొత్త డాక్టరు కొద్దికొద్దిగా తగ్గించమని రాసిచ్చారు. నిన్న ఆ చీటీ పట్టుకొని షాపుకు పోతే పిల్లోడు దానివైపు చూడనే లేదు. "అమ్మ బిళ్ళే కదన్నా" అని 0.5 స్ట్రిప్ తీసి చేతిలో పెట్టాడు.